మూడో దెబ్బ

నాకు గుండెజబ్బు వచ్చిందని తెలిసినప్పుడు మా బొగ్గుబాయి మీద కొందరు నవ్వారట. "నర్సయ్యకు గుండె ఏడున్నది, జబ్బు రావడానికి?" అన్నారట. ఆ మాట నాకు తర్వాతెప్పుడో చెప్పింది నా భార్య రాజవ్వే. చెప్పి తనూ నవ్వింది. నేను నొచ్చుకోలేదు. ఆ రోజుల్లో మందమర్రిలో మా వరుస ఇళ్లలో నా చేతి దెబ్బ తినని మగవాళ్లు తక్కువ.

ఇదంతా ఇప్పుడు, 1967లో, ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల మా వరుసలో ఉండే ఒక బొగ్గు ఎత్తే కూలీ ఛాతీ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. భార్యతో కొట్లాడినప్పుడల్లా రొమ్ము మధ్యలో పిడికిలి పెట్టి నొక్కినట్టు ఉంటోందట. "నర్సన్నా, నీకు గూడ గిట్లనే అయ్యేదా?" అని అడిగాడు. అవునన్నాను, డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. అంతకుమించి నోటితో చెప్పలేకపోయాను. చెప్పాల్సింది చాలా ఉంది.

1956, శ్రావణమాసం

మాది ధర్మపురి దగ్గర గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరు. నాకు పదిహేడేళ్లప్పుడు బాపు పొలంలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయి చనిపోయాడు. తమ్ముడు గంగారాంకు అప్పుడు ఆరేళ్లు. అవ్వ కూలికి పోయి మమ్మల్ని సాకింది. నేను ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి బాయి మీద లాంపు రూంలో పని దొరికింది. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ దీపం ఇవ్వాలి, షిఫ్టు అయిపోయి పైకి వచ్చాక తిరిగి తీసుకోవాలి. గంగారాం పెద్దవాడయ్యాక నేనే నలుగురి కాళ్లావేళ్లా పడి వాడిని కింద బొగ్గు టబ్బులు తోసే పనిలో పెట్టించాను. మా తమ్ముడు ఒక్క నాగా కూడా పెట్టడని పైవాళ్ల ముందు మాటిచ్చాను.

ఆ పొద్దున వాడు గడపలో కూర్చుని లేవలేదు.

"అన్నా, ఇయ్యాల నేను పోను."

"ఏమైంది?"

"బాయిల కప్పు సప్పుడు చేస్తుంది. నిన్న పెద్ద పెల్ల ఊడి నా ముంగట్నే పడ్డది. నిద్ర పట్టలే."

"అందరు పోతలేరా? నీ ఒక్కని నెత్తి మీదనే పడ్తదా?"

"నాకు బుగులైతుందన్నా."

ఇరవై రెండేళ్ల మగవాడు భయమవుతోందని అనడం నాకు సిగ్గనిపించింది. నేనిచ్చిన మాట పోతుందనిపించింది. ఒక్కటి కొట్టాను. వాడు చెయ్యి అడ్డం పెట్టలేదు. రెండోది కొట్టాను. పన్ను గుచ్చుకుని కింది పెదవి చీలింది. నీళ్ల బిందెతో వస్తున్న రాజవ్వ బిందె అక్కడే దించేసింది. అవ్వ ఇంట్లో లేదు, కట్టెలకు పోయింది. అంగీ మెడ పట్టుకుని వాడిని బాయి దాకా లాక్కుపోయాను. కిటికీలోంచి దీపం చేతికిచ్చాను. వాడు నా ముఖం చూడకుండా తీసుకుని, పెదవి మోచేత్తో తుడుచుకుంటూ దిగిపోయాడు.

షిఫ్టు ఇంకా ముగియకముందే సైరన్ కూసింది. కింద కప్పు కూలింది. రెండు దీపాలు వెనక్కి రాలేదు. ఒకటి ఎవరిదో నాకు తెలుసు.

వాడిని పైకి తెచ్చినప్పుడు మెడ నుంచి నడుము దాకా మనిషి రూపం లేదు. గోనెపట్టా కప్పి తెచ్చారు. పట్టా కింద ఏదో చదునుగా ఉంది, నెత్తురు ఇంకా కారుతోంది. ముఖానికి మాత్రం ఒక్క గీత లేదు. నేను చీల్చిన పెదవి తప్ప.

అవ్వ ఒళ్లో తల పెట్టుకుని కొంగుతో ముఖం తుడిచింది. పెదవి దగ్గర చెయ్యి ఆగింది.

"గీ దెబ్బేందిరా?"

"రాయి తగిలిందవ్వా," అన్నాను.

"నా కొడుకును బాయిల ఎవడు దింపిండు?"

చుట్టూ మనుషులున్నారు. అవ్వ నా కళ్లల్లోకి చూస్తోంది. కొంచెం దూరంలో విఠల్ నిలబడి ఉన్నాడు. ఆసిఫాబాద్ వైపు మనిషి, గంగారాం గ్యాంగు సర్దారు. కప్పును కర్రతో కొట్టి చూసి మనుషులను లోపలికి పంపేది ఆయనే. ఒళ్లంతా బొగ్గుమసి, చేతుల నిండా నెత్తురు. రాళ్లు తీసి తమ్ముడిని బయటికి లాగింది కూడా ఆయనే.

"సర్దారు దింపిండు," అన్నాను.

అవ్వ లేచి పోయి విఠల్ ముఖాన దుమ్మెత్తి పోసింది. ఆయన తల వంచుకున్నాడే తప్ప ఒక్క మాట మాట్లాడలేదు.

1957 నుంచి 1959 దాకా

ఆ తర్వాత మూడేళ్లు మా ఇంట్లో తెల్లారడం అంటే అవ్వ శాపనార్థాలే. పొయ్యి ముట్టిస్తూ, చాట చెరుగుతూ విఠల్ వంశం మట్టిలో కలవాలని, వాడి చేతులు పడిపోవాలని తిట్టేది. మధ్యలో నన్ను చూసి "అవునా కాదా పెద్దోడా?" అనేది. నేను అవుననేవాడిని. ఒక్కోసారి నేనే ఎత్తుకునేవాడిని, అవ్వ మరిచిపోయిన రోజు గుర్తుచేసి మరీ. అవ్వ కోపం విఠల్ మీద ఉన్నంత కాలం నా వైపు రాదు.

అయితే నా చేతులు ఖాళీగా ఉండలేకపోయాయి. కల్లు దుకాణం దగ్గర ఒకడు "మీ తమ్ముడు మంచోడుండె" అన్నాడు. అంతే. వాడి తలను అరుగుకేసి కొట్టాను. ఎందుకు కొడుతున్నానో వాడికి తెలియదు, విడిపించినవాళ్లకూ తెలియదు. లాంపు రూంలో దీపం కడగలేదని ఒక ముసలి కార్మికుడిని రొమ్ము మీద తన్నాను. అన్నం మాడిందని రాజవ్వ చెయ్యి మెలితిప్పాను. మణికట్టు టక్కుమంది. ఆ చప్పుడు విని కూడా వదల్లేదు. మా బిడ్డ సుశీల అప్పటికి మూడేళ్లది. నా చెప్పుల చప్పుడు వింటే ఏడుస్తున్న పిల్ల ఏడుపు మింగేసి గోడకు అంటుకుపోయేది.

మణికట్టుకు కట్టు కట్టించుకుని వచ్చిన రోజు రాజవ్వ నెమ్మదిగా ఒక మాట అంది.

"గంగారాంను కొట్టిన చెయ్యే ఇది. వాడు పోయిండు. ఇగ నేను పోతె నీకు సల్లబడ్తదా?"

ఆ మాటకు మళ్లీ కొట్టాను.

నొప్పి ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. మొదటి షిఫ్టు సైరన్ కూయగానే రొమ్ము మధ్యలో బండ పెట్టినట్టు అయ్యేది. దవడ లాగేది, ఎడమ చెయ్యి బరువెక్కేది, వీపు మీద చల్లని చెమట పట్టేది. రెండు నిమిషాలు కిటికీ చట్రం పట్టుకుని నిలబడితే తగ్గేది. చిత్రమేమిటంటే బరువులు మోసినప్పుడు రాలేదు. సైరన్‌కు వచ్చేది, అవ్వ తిట్లకు వచ్చేది, ఎవరైనా తమ్ముడి పేరెత్తితే వచ్చేది. ఎవరినైనా కొట్టినంతసేపు తెలియదు, కొట్టి ఇంటికి వచ్చాక వచ్చేది.

దవాఖానలో కంపౌండరు గ్యాస్ అన్నాడు. ఎర్రటి మందునీళ్లు సీసాలో పోసిచ్చాడు. రెండేళ్లు తాగాను. బీడీలు కట్టల కొద్దీ కాల్చాను. మగవాడికి గుండె నొస్తుందంటే పిరికివాడని అర్థమని నాలో నేనే అనుకుని ఎవరికీ చెప్పలేదు.

1960, శివరాత్రి మర్నాడు, వేములవాడ

రాజన్న గుడిలో కోడెను కట్టే మొక్కు ఉందని అవ్వ పట్టుబడితే నలుగురం బస్సులో వేములవాడ పోయాం. మధ్యాహ్నానికి మొక్కు తీరింది. ఒక బండి నీడన కూర్చుని సద్ది విప్పుతున్నాం. ఎవరో ఎడ్లను కట్టేయడానికి గుంజలు దిగ్గొట్టి, గూటం పక్కనే పడేసి పోయారు.

అవ్వ చేతిలోని ముద్ద కింద పడింది.

"గిడ్గో! నా కొడుకును మింగినోడు!"

విఠల్. భార్యతో కలిసి మాకు పది అడుగుల దూరంలో నడుస్తున్నాడు. కొత్త ధోవతి, నుదుట విభూది. అవ్వ అరుపుకు జనం తిరిగి చూశారు. "వాడు దేవుని తాన గూడ సుఖంగ తిరుగుతుండు, నువ్వు నా కడుపున పుట్టినవా లేదా?" అని నా మీద అరిచింది.

గూటం ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలియదు. మొదటి దెబ్బ భుజం మీద వేశాను. ఆయన వెనక్కి తూలి బండి చక్రం పట్టుకున్నాడు. రెండో దెబ్బ ఆ చెయ్యి మీద పడింది. చక్రానికీ గూటానికీ మధ్య కుడిచేతి వేళ్లు నలిగిపోయాయి. ఎముకలు విరిగిన చప్పుడు నాకు మణికట్టు దాకా తెలిసింది. ఆయన భార్య నా కాళ్ల మీద పడింది. ఆమెను తన్ని అవతలికి తోశాను.

విఠల్ పారిపోలేదు. నలిగిన చెయ్యి ఛాతీకి అదుముకుని, నా ముఖంలో ముఖం పెట్టి, నాకు మాత్రమే వినిపించేటట్టు చెప్పాడు.

"నర్సన్నా, నేను దింపలేదే. చేతులు వణుకుతుంటె సూసి పైకి పో బిడ్డా అన్న. 'పైకి పోతె మా అన్న తంతడు' అన్నడు. నీ పేరే చెప్పిండు."

డప్పులు మోగుతున్నాయి. "రాజన్నా" అని జనం కేకలు వేస్తున్నారు. అవ్వ వెనక నుంచి ఇంకా తిడుతూనే ఉంది, ఆమెకు ఈ మాట వినపడలేదు. నాకు మొదట వచ్చిన ఆలోచన అదే. అవ్వకు వినపడలేదు. ఈయన మళ్లీ అంటే వినపడుతుంది.

మూడో దెబ్బ ఆయన నోటి మీదికి ఎత్తాను. కోపంతో కొట్టిన దెబ్బలకు నేను ఏదో ఒక సాకు చెప్పుకోగలను. ఈ దెబ్బ మాత్రం తెలిసి, నిజం చెబుతున్న నోరు మూయించడానికి కొట్టాను. ఆయన తల తిప్పడంతో చెవి మీద తగిలి నెత్తురు చిమ్మింది.

నాలుగోసారి చెయ్యి ఎత్తాను. అది దిగలేదు.

లోపల ఎవరో నా పక్కటెముకల మధ్య రెండు చేతులూ పెట్టి ఇటూ అటూ చీల్చినట్టయింది. ఊపిరి పీల్చుకోబోతే లోపలికి రాలేదు. జాతర చప్పుడంతా ఒక్కసారి దూరమైపోయింది. మోకాళ్ల మీద పడ్డాను, తర్వాత ముఖం మట్టిలో పడింది. అవ్వ "వాడు కొట్టిండు, నా కొడుకును కొట్టిండు" అని అరవడం మాత్రం విన్నాను. నన్ను ఎవరూ ముట్టుకోలేదు.

జనాన్ని నెట్టి నన్ను వెల్లకిలా తిప్పింది విఠల్. చెవి నుంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది. ఎడమచేత్తో నా అంగీ గుండీలు తెంపి, "గాలి ఆడనీయండి, జరగండి" అని అరిచాడు. కానిస్టేబులు వచ్చి ఎవరు ఎవరిని కొట్టారని అడిగితే, "జనంల తొక్కులాటైంది సార్, ఇద్దరం పడ్డం" అన్నాడు. ఆయనే ఒక లారీ ఆపించాడు. కరీంనగర్ దాకా ఆ లారీలో మేమిద్దరం పక్కపక్కనే పడుకుని పోయాం. గుంత వచ్చినప్పుడల్లా ఆయన మూలిగేవాడు. నేను మూలగలేకపోయాను.

కరీంనగర్ ఆస్పత్రి

మంచం ఖాళీ లేదు. మొదటి రెండు రోజులు వరండాలో చాప మీదే ఉన్నాను. చావు భయం అంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది. అది నొప్పి కన్నా ఎక్కువ బాధ పెట్టింది. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపించేది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం వస్తే, ఇక రెండోది రాదేమో అనుకుని వేళ్లతో నేలను గట్టిగా పట్టుకునేవాడిని. గంగారాంకు అయిన బుగులు ఇదేనని అనుకున్నాను. కప్పు ఎప్పుడు కూలుతుందో తెలియకుండా దాని కింద ఉండటం.

పక్క చాప మీద మొగుడికి కాపలా ఉన్న ఒక ముస్లిం ముసలామె ఉండేది. పేరు అడగలేదు. తన మొగుడికి విసురుతూ, మధ్యమధ్యలో విసనకర్ర నా వైపు తిప్పేది. "ఫికర్ జేయకు బేటా, కండ్లు మూస్కో, నేను సూస్తుంట" అనేది. నేను ఎలాంటివాడినో ఆమెకు తెలియదు. మూడో రోజు పొద్దున ఆమె మొగుడు పోయాడు. శవం వెంట పోతూ విసనకర్ర రాజవ్వ చేతిలో పెట్టి పోయింది.

నన్ను చూసిన డాక్టరు కోస్తా జిల్లాల నుంచి వచ్చిన యువకుడు. హైదరాబాద్ పంపించి మెషీను మీద గుండె రాత తీయించాడు. గుండెలో కొంత భాగం దెబ్బతిన్నదని చెప్పాడు. తర్వాత స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"నొప్పి ఎప్పుడెప్పుడు వచ్చేది?"

"పొద్దుగాల సైరన్ కూసినప్పుడు."

"సైరన్‌కి ఎందుకు?"

నేను గోడ వైపు తిరిగాను. ఆయన తొందరపెట్టలేదు.

"ఒక్క మనసు బాధతోనే గుండె చెడిందని నేననను," అన్నాడు చివరికి. "బీడీలు విపరీతంగా కాల్చావు. మీ నాన్న కూడా ఉన్నట్టుండి పోయాడంటున్నావు. వాటిలో ఏది ఎంత చేసిందో నాకు తెలియదు. కానీ నీ నొప్పి బరువులెత్తితే రాలేదు, సైరన్ వింటే వచ్చింది. భయం, కోపం, దిగులు వచ్చినప్పుడు గుండె పరుగెత్తుతుంది, నెత్తురు గొట్టాలు బిగుసుకుంటాయి. నువ్వు నాలుగేళ్లుగా దాన్ని ఆపకుండా పరుగెత్తిస్తున్నావు. మందు నేనిస్తాను. ఆ పరుగు ఆపడం నా చేతిలో లేదు."

విఠల్ ఇంటికి పోయే రోజు నా మంచం దగ్గరికి వచ్చాడు. చేతికి మోచేతి దాకా కట్టు. చెవి మీద దూది.

"మీ అవ్వకు చెప్పకు," అన్నాడు.

"ఏంది?"

"గంగారాం నాతోని అన్న మాట. ముసలామె తట్టుకోదు. నన్ను తిట్టుకోనీ. నాకు అలవాటైంది."

"నాలుగేండ్లు ఎందుకు నోరు తెరవలే నువ్వు?"

"పైకి పొమ్మన్న గని, చెయ్యి వట్టి పైదాంక తోలుకపోలే. పని ఆగుతదనుకున్న. మీ అవ్వ తిట్లల్ల సగం నాకు తగల్సినయే."

ఆయన పోయాక ఏడ్చాను. తమ్ముడు పోయినప్పుడు కూడా ఏడవని నేను, గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన నన్ను తిరిగి కొట్టి ఉంటే ఓర్చుకునేవాడిని.

1960 చివర, ఇంట్లో

ఆరు నెలలు మంచం మీదే. అవ్వ నన్ను పసిపిల్లవాడిలా చూసింది. ముద్దలు చేసి నోట్లో పెట్టేది, కాళ్లు పిసికేది. పెడుతూ పిసుకుతూ విఠల్‌ను తిట్టేది. ఇప్పుడు తిట్లు రెండింతలయ్యాయి. "ఒక కొడుకును మింగిండు, రెండోవాన్ని మింగబోయిండు." ఆమె పెట్టిన ముద్ద నా గొంతులో ఉండగానే నొప్పి మొదలయ్యేది. నాలుక కింద మాత్ర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడిని. నా జబ్బుకు మందు ఆమె చేతిలోనే ఉంది, నొప్పి ఆమె నోట్లోంచే వస్తోంది. ఇది రాజవ్వకు తెలుసు.

కార్తీకంలో ఇంకోసారి గట్టిగా వచ్చింది. పెదవులు నల్లబడ్డాయట. తేరుకున్నాక రాజవ్వ తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"అవ్వకు చెప్పు."

"చెప్తె ఆ దెబ్బకే సస్త. ఆమెన్న సస్తది."

"చెప్పకుండ గూడ సస్తనే ఉన్నవ్. సచ్చేదేదో చెప్పి సావు. నీ అబద్ధం మోసి మోసి నా నడుమిరిగింది. వాడు పెదవి తుడుసుకుంట పోవుడు నేను సూసిన. నాలుగేండ్లాయె, అవ్వ మొఖం సక్కగ సూడలేకపోతున్న."

రాజవ్వకు కూడా ఒక గుండె ఉందని, అందులో కూడా ఆ పొద్దుటి సంగతే ఉందని అప్పటిదాకా నాకు తోచలేదు. ఆమెను కొట్టడం తప్ప ఆమె ఏం మోస్తోందో అడగలేదు.

1961, మాఘమాసం

మిట్టమధ్యాహ్నం. అవ్వ పొయ్యి మీద జొన్న గటక కలుపుతోంది. నేను గోడ పట్టుకుని నడిచి ఆమె ఎదురుగా కూర్చున్నాను. మాత్ర సీసా రాజవ్వ గుప్పిట్లో ఉంది.

"అవ్వా, గంగారాంను బాయిల దింపింది విఠల్ గాదు. నేను."

"ఏమంటున్నవ్‌రా?"

"పోనన్నడు. బుగులైతుందన్నడు. నేను కొట్టి గుంజుకపోయిన. విఠల్ పైకి పొమ్మంటె, పోతె మా అన్న తంతడన్నడట."

అవ్వ చెయ్యి తెడ్డు మీద ఆగిపోయింది. గటక బుడగలు పగులుతున్న చప్పుడు వినిపించింది.

"పెదవి మీది దెబ్బ?"

"నాదే."

ఉడుకుతున్న గటకతోనే తెడ్డు లేచింది. మొదటి దెబ్బ చెంప మీద పడింది, చర్మం కాలింది. రెండోది నోటి మీద. నా పెదవి పగిలి ఉప్పగా నోట్లోకి వచ్చింది. భుజం మీద, నెత్తి మీద, వీపు మీద కొట్టింది. కొడుతూ ఒక్క మాట లేదు, గొంతులోంచి ఒక మూలుగు మాత్రం వస్తోంది. రాజవ్వ అడ్డం పడబోయి "గుండెజబ్బున్నోడవ్వా, సస్తడు" అని అరిచింది. నేను ఆమెను చేత్తో ఆపాను. తెడ్డు విరిగింది. విరిగిన ముక్కతో ఇంకా రెండు కొట్టి, ఆ ముక్క పొయ్యిలో పడేసి, అవ్వ కూలబడింది.

నేను నొప్పి కోసం ఎదురుచూశాను. ఇక వస్తుంది, ఇదే ఆఖరుది అనుకున్నాను. గుండె దడదడ కొట్టుకుంది, చెవుల్లో హోరెత్తింది. కానీ ఛాతీ బిగుసుకోలేదు. చెంప మండుతోంది, పెదవి మండుతోంది, రొమ్ము మధ్యలో మాత్రం ఏమీ లేదు. అంత ఖాళీ నాకు ఐదేళ్లలో తెలియదు. సంతోషమనిపించలేదు. భయమేసింది.

అవ్వ లేచి చెప్పులు కూడా లేకుండా ఎండలో బయటికి పోయింది. రాజవ్వ వెంట పరుగెత్తింది. అవ్వ సూటిగా విఠల్ ఇంటికి పోయిందట. ఆయన బయట నులకమంచం మీద ఉన్నాడు. ఆయన కుడిచేతి వేళ్లు మూడు ముడుచుకోవు, బాయిలోకి దిగే పని పోయింది, పైన కాపలా పని ఇచ్చారు. అవ్వ ఎదురుగా నిలబడింది.

"పైకి పొమ్మన్నవా నిజంగ?"

"పొమ్మన్న అవ్వా."

"ఏడ్సిండా?"

విఠల్ మంచం మీంచి లేచి నిలబడ్డాడట. "ఏడ్సిండు."

అవ్వ ఆ మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుని, పొద్దుగూకే దాకా లేవలేదట. విఠల్ భార్య నీళ్లు తెచ్చిస్తే తాగిందట. నేను వేములవాడలో కాలితో తన్నిన మనిషి ఆమె.

ఆ రోజు నుంచి అవ్వ నాతో మాట్లాడలేదు. అదే ఇంట్లో వండింది, ఊడ్చింది, సుశీలకు జడ వేసింది. నా పళ్లెం నా ముందు పెట్టి వెళ్లిపోయేది. శాపనార్థాలు ఆగిపోయాయి. పొద్దున్నే పొయ్యి దగ్గర నిశ్శబ్దం. మొదట్లో ఆ నిశ్శబ్దానికి కూడా ఛాతీ పట్టేస్తుందేమోనని మాత్ర దగ్గర పెట్టుకున్నాను. నెలలు గడిచేకొద్దీ సీసా గూట్లోకి పోయింది. సైరన్ కూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, కానీ కిటికీ చట్రం పట్టుకోవాల్సిన పని లేదు. బీడీ మానేశాను. కోపం రాలేదని చెప్పను. వచ్చినప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని బయటికి నడుస్తాను. మా వరుసలో పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు.

దెబ్బతిన్న భాగం మళ్లీ మామూలు కాదని డాక్టరు ముందే చెప్పాడు. ఎత్తు ఎక్కితే ఆయాసం వస్తుంది. ఉన్నంతలో బతకాలి. నా దగ్గరికి ఛాతీ పట్టుకుని వచ్చిన తమ్ముళ్లకు నేను చెప్పేది ఇంతే. డాక్టరుకు చూపించుకోండి, మందులు మానకండి, గ్యాస్ అని సరిపెట్టుకోకండి. కొట్టి పోగొట్టుకుందామని మాత్రం చూడకండి. నేను చూశాను. ఒక మనిషి చెయ్యి పోయింది, ఒక ఆడమనిషి మణికట్టు పోయింది, బండ మాత్రం నా రొమ్ము మీదే ఉండిపోయింది.

ఆ ఏడు పెత్రమాస నాడు, పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు, అవ్వ పొద్దున్నే తలస్నానం చేసి వంట మొదలుపెట్టింది. రాజవ్వను పంపి విఠల్‌ను, ఆయన భార్యను పిలిపించింది. నాకు చెప్పలేదు. వాళ్లు గడపలోకి వచ్చేదాకా నాకు తెలియదు. నేను లేచి ఆయన చేతులకు నీళ్లు పోశాను. ముడుచుకోని ఆ వేళ్ల మీద నుంచి నీళ్లు కారిపోతుంటే ఇంకో చెంబు పోశాను.

అవ్వ గంగారాం పేర ఒక విస్తరి వేసి పక్కన పెట్టింది. విఠల్‌కు ఒకటి వేసింది. రోజూ పళ్లెం పెట్టి వెళ్లిపోయే మనిషి, నా విస్తరి ఆయన విస్తరి పక్కనే వేసింది. విఠల్ నలుగురిలో ఎడమచేత్తో తినలేక, కుడిచేత్తో కలపలేక తడబడుతుంటే, అవ్వ ఆయన ముందు కూర్చుని అన్నం పప్పు కలిపి ముద్దలు చేసి విస్తట్లో వరుసగా పెట్టింది.

నేను తినకుండా ఆమెనే చూస్తున్నాను. ఎనిమిది నెలల తర్వాత అవ్వ నా వైపు తిరిగింది.

"నీకు చేతులున్నయి గద," అంది. "తిను."